ఓర్వకల్లు బండల మీద పంచవన్నెల చిలుక

కర్నూలు పాతూరిలో వీరభద్రయ్య బట్టల అంగడికి వచ్చే ఆడవాళ్లు చీరను వీధి వాకిట్లోకి తీసుకుపోయి వెలుతురులో చూసుకోవడం ఎప్పుడో మానేశారు. చీరకు బదులు ఆయన ముఖం చూస్తారు. రంగు నిలవని సరుకైతే "అది వద్దులేమ్మా, రెండు ఉతుకులకే ఎలిసిపోతాది" అని ఆయనే పక్కకు నెట్టేస్తాడు. పెళ్లి బట్టలకు వచ్చినవాళ్లు కూడా ఆయన దగ్గర బేరం ఆడరు. శెట్టి మాటంటే మాటే అన్న పేరు ఆలూరు నుంచి మైదుకూరు దాకా ఉండేది. ఆ పేరు నిలుపుకోవడానికి ఆయన ఎంత సరుకు తిరిగి పంపాడో, ఎంతమందితో చెడ్డాడో భార్య రాజ్యలక్ష్మమ్మ ఒక్కదానికే తెలుసు.

అట్లాంటి మనిషికి అరవై దాటాక చక్కెర జబ్బు పట్టుకుంది. డాక్టరు నడవమన్నాడు. గద్దె దిగితే కాళ్లు ఎటు వేయాలో తెలియని వీరభద్రయ్య ఆ మాట విని ఊరుకున్నాడు. అప్పుడు కొడుకు తేజేశ్వర్ ఒకరోజు భోజనాల దగ్గర, "నాయనా, ఆదివారం పొద్దున్నే నిన్ను ఓర్వకల్లు బండల కాడికి తీస్కపోతా. ఆడ గాలి బాగుంటాది. జనం ఉండరు. ఇద్దరం నడుద్దాం" అన్నాడు.

రాజ్యలక్ష్మమ్మ గరిటె ఆపి కొడుకు వైపు చూసింది. తేజేశ్వర్‌కు అంగడి అంటే మొదటి నుంచీ గిట్టదు. గద్దె మీద కూర్చోమంటే ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చుని, సెల్‌ఫోను మోగగానే వీధిలోకి పోతాడు. స్నేహితులు, స్థలాలు, ఎవరికో ఏదో ఇప్పించడాలు, అదే అతని లోకం. తండ్రితో కలిసి గుడికి పోయిన గుర్తు కూడా ఇంట్లో ఎవరికీ లేదు.

"వానికి నీ మీద ప్రేమ పుట్టుకొచ్చిందే" అంది ఆమె తర్వాత. వీరభద్రయ్య నవ్వి ఊరుకున్నాడు గాని, లోపల పొంగిపోయాడు. ఆ వారమే కాన్వాసు బూట్లు కొనుక్కున్నాడు.

అది రెండువేల ఏడో సంవత్సరం, శ్రావణ మాసం. ఆ ఏడు వానలు తొందరగా పడ్డాయి. ఓర్వకల్లు బండలంటే మామూలుగా అగ్గి కుంపట్లు. ఆ నెలలో మాత్రం బండల సందుల్లో నీళ్లు నిలిచి, గడ్డి మొలిచి, కండ్లకు చల్లగా ఉంది. తండ్రీ కొడుకులు రెండు ఆదివారాలు నడిచారు. తేజేశ్వర్ సెల్‌ఫోను కారులోనే వదిలేసి వచ్చేవాడు. వీరభద్రయ్య తన చిన్నప్పటి సంగతులు, మూటలు నెత్తిన పెట్టుకుని తన నాయన ఊరూరా తిరిగి బట్టలమ్మిన కథ చెబుతుంటే, కొడుకు "అవునా నాయనా" అంటూ విన్నాడు. ఇన్నేళ్లలో అంతసేపు కొడుకు తన మాట వినడం వీరభద్రయ్యకు అదే మొదలు.

మూడో ఆదివారం ఆ పిట్ట కనబడింది.

ఇద్దరూ పెద్ద రాతిగుండు చుట్టూ తిరిగి నీటి మడుగు వైపు దిగుతున్నారు. పైనుంచి గొంతు చించుకున్నట్టు ఒక అరుపు వినిపించింది. వీరభద్రయ్య తలెత్తాడు. ఎదురు బండ కొన మీద, ఎండ తగిలే చోట, గద్దంత పిట్ట కూర్చుని ఉంది. ముక్కు చూస్తే చిలుకే. ఒంటి రంగు మాత్రం ఏ చిలుకకూ లేనిది. గుంటూరు మిరపపండు కూడా దాని ముందు వెలవెలబోయే ఎరుపు. రెక్క మీద బంగినపల్లి పసుపు. ఆ పసుపు ఎక్కడ ముగిసి నీలం ఎక్కడ మొదలైందో తెలియకుండా మధ్యలో ఒక పచ్చని నీడ. తోక మూరెడు పొడుగు. నలభై ఏళ్లుగా రంగులతోనే బతికిన మనిషి ఆయన. నెమలికంఠం, కనకాంబరం, వంగపండు, అన్నిటి పేర్లూ ఆయన నాలుక మీదే ఉంటాయి. ఆ పిట్టను చూసి ఒక్క పేరు కూడా నోటికి రాలేదు.

పిట్ట రెక్కలు విప్పింది. బండ కొన నుంచి మడుగు మీదుగా అవతలి బండకు ఎగిరింది. మడుగు నీళ్లలో ఎర్రటి మంట ఒకటి దాటిపోయింది. వీరభద్రయ్య పట్టు దొరక్క కొడుకు భుజం పట్టుకున్నాడు.

"చూసినావా? ఒరే తేజా, చూసినావా?"

"చూసినా నాయనా" అన్నాడు తేజేశ్వర్ మెల్లగా. "ఏమి పిట్ట అది?"

"మా అవ్వ చెప్తాండె రా, పంచవన్నెల చిలుక అని. కథల్లోనే ఉంటాదనుకున్నా. అది ఉండాది రా! నిజంగా ఉండాది!"

ఆయన కండ్లలో నీళ్లు తిరిగాయి. కొడుకు తల తిప్పుకుని బండల వైపు చూశాడు. అప్పట్లో వీరభద్రయ్య దాన్ని కూడా ఆనందమే అనుకున్నాడు.

ఆ రోజు నుంచి అంగట్లో చీరల మాట వెనక్కిపోయింది. ఎవరొచ్చినా ముందు పిట్ట కథే. "నా కండ్లతో చూసినానమ్మా" అని మొదలుపెట్టేవాడు. ఎంత ఎరుపో చెప్పడానికి తాను లేచి అరలోంచి పట్టు చీర లాగి, "ఇది గాదు, ఇంతకన్నా" అని మళ్లీ పెట్టేసేవాడు. విన్నవాళ్లు ఊరికే వినలేదు, నమ్మారు. రంగు దిగుతుందని తన సరుకును తానే తిట్టుకునే మనిషి, లేని పిట్టను ఉందని ఎందుకు చెబుతాడు? ఆదివారాలు కర్నూలు నుంచి కుటుంబాలు కుటుంబాలు ఓర్వకల్లు బండలకు పోవడం మొదలుపెట్టాయి. కొందరికి కనబడింది. కొందరికి అరుపే వినబడింది. ఒక పత్రిక విలేకరి వచ్చి ఆయన ఫొటో తీసుకుపోయి జిల్లా పేజీల్లో వేశాడు.

దానికి మర్నాడే ఒక కాలేజీ మాస్టరు ఆ పత్రికకే రాశాడు. ఇది ఎక్కడో అమెరికా ఖండం కింది భాగంలో, నిత్యం వాన కురిసే అడవుల్లో ఉండే మకావ్ అనే చిలుక, సముద్రాలు దాటి రాలేదు, ఎవరో పెంచుకునేది తప్పించుకుని ఉంటుంది అని. వీరభద్రయ్యకు ఎక్కడలేని కోపం వచ్చింది.

"బుక్కులు సదివితే సరిపోతాదా? కండ్లుండల్ల!" అని అంగడి అదిరిపోయేట్టు అరిచాడు. "తుపాను గాలికి కొట్టుకొచ్చింటాది. కొంగలు రావడంల్యా యాడాడి నుంచో? ఆ పిట్ట ఎంత దర్జాగా ఎగిరింది! పంజరంలోదైతే అట్ల ఎగురుతాదా?"

గద్దె పక్కన నిలబడ్డ తేజేశ్వర్ "వాళ్లతో మనకెందుకులే నాయనా" అన్నాడు.

ఇంకొన్నాళ్లకు తేజేశ్వర్ స్నేహితుడు రామకృష్ణ అంగడికి వచ్చాడు. ఓర్వకల్లు దగ్గర భూములున్న కుటుంబం అతనిది. ఇప్పుడు ఆ బండల పక్కనే 'స్వర్ణవనం' అని పెద్ద లేఅవుటు వేస్తున్నాడు. వీరభద్రయ్య కాళ్లకు దండం పెట్టి, ఒక రంగుల కాగితం చేతికిచ్చాడు. దాని మీద ఎర్ర పిట్ట బొమ్మ, పక్కనే గద్దె మీద కూర్చున్న వీరభద్రయ్య ఫొటో. 'ప్రముఖ వస్త్రవ్యాపారి వీరభద్రయ్య గారు స్వయంగా దర్శించిన అరుదైన పక్షుల నిలయం' అని అచ్చేసి ఉంది.

"నన్నడగకుండా ఏసినావేమప్పా?" అన్నాడు వీరభద్రయ్య.

"మీరు చూసింది నిజమే గదా పెద్దాయనా. నిజం చెప్పుకునేదానికి అడగల్లనా?"

నిజమే గదా అనుకున్నాడు ఆయన. కొంచెం మురిసిపోయాడు కూడా. దసరా ముందు ఆదివారం ప్లాట్ల అమ్మకం మొదలుపెడతామని, ఆయనే దీపం వెలిగించి నాలుగు మాటలు చెప్పాలని రామకృష్ణ అడిగితే సరేనన్నాడు.

రాజ్యలక్ష్మమ్మకు ఒక్కటే కొరత. ఊరంతా పోయి చూస్తున్నారు, తనకు మాత్రం ఇంటిపని తెమలదు. "ఊరందరికీ చెప్పినావు, నాకు సూపియ్యవా?" అని దెప్పింది. మహాలయ అమావాస్యనాడు అంగడికి సెలవు. తేజేశ్వర్ ఏదో పని మీద నంద్యాల పోయాడు. మొగుడూ పెళ్లాలిద్దరూ గుప్పెడు చెనక్కాయలు మూటగట్టుకుని నంద్యాల బస్సెక్కి ఓర్వకల్లులో దిగి, ఆటోలో బండల దగ్గరికి పోయారు.

బండల మీద ఏమీ లేదు. ఎంతసేపు చూసినా కాకులే. ఎండ ఎక్కింది. నీడ కోసం లేఅవుటు మూల రేకుల షెడ్డు వైపు నడిచారు. షెడ్డు దగ్గర నరసన్న అనే కాపలా మనిషి ముక్కాలిపీట మీద కూర్చుని ఉన్నాడు. అతని ముంజేతి మీద, జీడిపప్పు కొరుక్కుంటూ, ఆ పిట్ట ఉంది.

వీరభద్రయ్య నడుస్తున్నవాడు నడుస్తున్నట్టే ఆగిపోయాడు.

నరసన్న కంగారుగా లేచాడు. "ఏం సామీ, ఈ యాళప్పుడు వచ్చినారు? ఆదివారం గదా మీరొచ్చేది! ముందే చెప్పింటే దీన్ని బండ మీద ఇడిసిపెట్టింటా గదా" అన్నాడు. ఆ గొంతులో దాపరికం ఏమీ లేదు. పని సరిగ్గా చేయలేకపోయినందుకు నొచ్చుకుంటున్నాడు, అంతే.

రాజ్యలక్ష్మమ్మే అడిగింది. "ఎవురు చెప్పినారప్పా నీకు, ఇడిసిపెట్టమని?"

"మీ పిల్లోడే గదమ్మా, తేజప్ప. రెండు పిట్టలు తెప్పించిరి మద్రాసు నుంచి. ఈల ఏస్తే వచ్చి చేతి మింద వాలేటట్ల మరిపినాం. పెద్దాయన గుండు మలుపు తిరిగేతలికి బండ మింద ఉండల్ల అని తేజప్ప ముందే చెప్పిపెట్టె. మొదటి రెండువారాలు మాట ఇనకపాయె ఈ దొంగముండ, మూడోవారం సరిగ్గా కూసునె." నరసన్న పిట్ట మెడ దువ్వాడు. "రెండోది కరెంటు తీగె కొరికి సచ్చిపాయమ్మా. అది ఇంగా ఎరుపు."

చేతిలోని చెనక్కాయల మూట రాజ్యలక్ష్మమ్మ చేతికిచ్చేసి వీరభద్రయ్య వెనక్కి తిరిగాడు. ఆటో కోసం కూడా ఆగలేదు. కాన్వాసు బూట్లు ఎర్రమట్టిలో కూరుకుపోతుంటే రోడ్డు దాకా నడిచాడు. రాజ్యలక్ష్మమ్మ వెనకాల పరిగెత్తినంత పని చేసింది. బస్సులో ఆయన చెవుల తమ్మెలు ఎర్రగా కాలిపోయాయి.

సాయంత్రం తేజేశ్వర్ ఇంటికి వచ్చేసరికి తండ్రి వసారాలో నిలబడే ఉన్నాడు.

"రెండు తెప్పిస్తివంట?" అన్నాడు.

తేజేశ్వర్‌కు అర్థమైంది. చెప్పులు విప్పి, గోడకు ఆనుకున్నాడు. తరువాత అతను మాట్లాడిన తీరు చూస్తే, ఈ రోజు కోసం ముందే సిద్ధపడి ఉన్నట్టుంది.

"కోపం చేసుకోవద్దు నాయనా. నిదానంగా ఆలోచించు. పిట్ట ఉందా ల్యా? ఉండాది. నువ్వు చూసినావా ల్యా? చూసినావు. చూసిందే చెప్పినావు. నీ నోట్లోంచి ఒక్క అబద్ధం వచ్చిందా? నిన్ను అబద్ధమాడమని నేను అడిగింటే తప్పు. నేనడగలా. నువ్వు అబద్ధం చెప్పవని నాకు తెల్సు గనకనే..."

"తెల్సు గనకనే?"

"...నీకు చెప్పలా."

వీరభద్రయ్యకు ఆ క్షణంలో కొడుకు చెంప పగలగొట్టాలనిపించింది. చేయి లేవలేదు. కొడితే తీరే కోపం కాదది.

"ఒరే, ఇరవై ఏండ్ల పొద్దు నీకోసం ఎదురుచూసినాను రా, నాతో కూసోని నాలుగు మాటలు మాట్లాడతావని. బండల కాడ మా నాయన కథ చెప్పినాను నీకు. మూటలు మోసి మోసి మెడ నరాలు పట్టుకపోయిన సంగతి చెప్పినాను. నువ్వు వింటాండావనుకున్నా. నువ్వు బండ మింద పిట్ట కూసునిందా లేదా అని చూస్తాండావు! నేను ఏడిస్తే చూస్తివి గదరా. చూసి, తల తిప్పుకుంటివి. అప్పుడన్నా చెప్పొద్దా? నాయనా, ఇది పెంపుడు పిట్ట, ఏడ్వొద్దు అని చెప్పొద్దా?"

తేజేశ్వర్ నేల చూశాడు. "ఆ స్థలంలో మనకూ వాటా ఉంది నాయనా. అంగడి ఇంగ ఎన్నాళ్లు నడుస్తాది? పెద్ద షోరూములు వస్తాండాయి. మీ అందరి కోసమే..."

"మా అందరి కోసం అనొద్దు" అంది రాజ్యలక్ష్మమ్మ లోపలి నుంచి. ఆ ఇంట్లో ఆమె కొడుకును గొంతెత్తి కసరడం అదే మొదటిసారి.

మర్నాడు వీరభద్రయ్య అంగడి తెరవలేదు. నేరుగా ఆలూరు బస్సెక్కాడు. ఆలూరులో దేవేంద్రప్ప అనే చిల్లర బట్టల వ్యాపారి ఆయన దగ్గర ముప్పై ఏళ్లుగా సరుకు తీసుకుపోతున్నాడు. స్వర్ణవనంలో స్థలం కావాలని అందరికన్నా ముందు పేరు రాయించుకున్నది అతనే. తన మాట మీద వెళ్లిన మనిషికి తానే పోయి నిజం చెప్పాలనుకున్నాడు వీరభద్రయ్య. దారి పొడుగునా కంది చేలు, ఆముదం చేలు గడిచిపోతుంటే, ఎట్లా మొదలుపెట్టాలా అని మాటలు కూర్చుకున్నాడు.

దేవేంద్రప్ప మజ్జిగ తెప్పించి, చెప్పిందంతా సావధానంగా విన్నాడు. విని, తొడ మీద కొట్టుకుని నవ్వాడు.

"దీనికోసం ఇంత దూరం వచ్చినావా శెట్టీ? అది పెంపుడు పిట్టని నాకు ముందే తెల్సప్పా! మా అల్లుడు బెంగుళూర్లో ఉంటాడు గదా, ఆడ దుడ్లున్నోళ్ల ఇండ్లల్లో ఇట్లాటివి శానా ఉంటాయంట."

"తెలిసీ రాయించుకుంటివా?"

"ఆడ ఫ్యాక్టరీలు వస్తాయంటాండారు. రేటు పెరుగుతాది. పిట్టతో నాకేంపని?" దేవేంద్రప్ప ముందుకు వంగి గొంతు తగ్గించాడు. "నిజం చెప్పల్లంటే శెట్టీ, నాకు సంతోషమాయె. ఇన్నాళ్లకు నువ్వు గూడా యాపారం నేర్చినావని. ఆ పేపర్లో నీ ఫొటో చూసి మా ఆమెతో చెప్పినా, చూడే, మన శెట్టి జనాన్ని ఎంత బాగా ఆడిస్తాండాడో, కండ్లల్ల నీళ్లు గూడా పెట్టుకుంటాడంట చెప్తాంటే అని."

వీరభద్రయ్య మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు. కొడుకు చేసింది ఒక దెబ్బయితే, ఇది దాని మీద కారం. మోసపోయానని చెప్పుకోవడానికి వచ్చాడు. మోసగాడని మెచ్చుకుంటున్నారు.

"నేను ఆడించలేదు దేవేంద్రప్పా" అన్నాడు. "నేను నిజంగా చూసినాననుకున్నా."

"సరేలే, సరేలే" అన్నాడు దేవేంద్రప్ప, ఇంకా నవ్వుతూనే. ఆ "సరేలే"లో నమ్మకం లేదు.

తిరుగు బస్సులో వీరభద్రయ్య కిటికీ పక్కన కూర్చుని తనలో తాను గొణుక్కున్నాడు. ఎంతమంది? ఎంతమంది అట్లా అనుకుని ఉంటారు? తాను పట్టు చీర లాగి "ఇంతకన్నా ఎరుపు" అన్నప్పుడు ముసిముసిగా నవ్వినవాళ్లంతా దేనికి నవ్వారో ఇప్పుడు తెలిసొచ్చింది. కాలేజీ మాస్టరు మీద అరిచిన అరుపు గుర్తొచ్చి సిగ్గుతో కండ్లు మూసుకున్నాడు. కర్నూలులో దిగేసరికి ఆ సిగ్గు కూడా కోపంగానే మారింది.

ఆదివారం వచ్చింది. తండ్రి రాడని తేజేశ్వర్ అనుకున్నాడు. వీరభద్రయ్య తెల్ల పంచె, ఇస్త్రీ చొక్కా వేసుకుని, రాజ్యలక్ష్మమ్మను వెంటబెట్టుకుని బస్సులోనే వచ్చాడు. లేఅవుటు నిండా షామియానాలు. మైకులో పాటలు. జనాన్ని తోలుకొచ్చిన జీపులు. రామకృష్ణ ఎదురొచ్చి, ఏమీ తెలియనట్టే చేయి పట్టుకుని వేదిక మీదికి ఎక్కించాడు. దీపం కుందె ముందు పెడితే వీరభద్రయ్య అగ్గిపుల్ల అందుకోలేదు. మైకు అందుకున్నాడు.

"నేను బట్టలంగడి వీరభద్రయ్యను" అన్నాడు. "ఈ బండల మింద అడివి పిట్టను చూసినానని మీ అందరికీ చెప్పినాను. అది అడివి పిట్ట గాదు. కొనుక్కొచ్చిన పిట్ట. నేను వచ్చే యాళకు ఈల ఏసి బండ మింద కూసోబెట్టినారు. నాకు తెల్దు. తెలిసినంక చెప్పకపోతే నేనూ దొంగనే. నా మాట మీద వచ్చినోళ్లు ఎవురన్నా ఉంటే, ఎనక్కి పోండి."

రామకృష్ణ ముఖం వెలవెలబోయింది. తేజేశ్వర్ వేదిక కింద గుంజ పట్టుకుని నిలబడ్డాడు.

వెనక వరుసలో ఎవరో పకపక నవ్వారు. ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దమనిషి, బాగా చదువుకున్నవాడిలా ఉన్నాడు, చేయెత్తాడు. వీరభద్రయ్య ఆశగా అతని వైపు చూశాడు.

"అది సరే గాని శెట్టిగారూ, తూర్పు ముఖం ప్లాట్లు ఇంకా మిగిలినాయా?"

జనం గొల్లుమన్నారు. రామకృష్ణ ప్రాణం లేచొచ్చింది. మైకు తీసుకుని "మన పెద్దాయన శానా నిక్కచ్చి మనిషి, అంత నిక్కచ్చి మనిషి ఉండే వెంచరు ఇది" అన్నాడు. చప్పట్లు కొట్టారు. బల్లల దగ్గర వరుసలు కట్టారు. ఇద్దరో ముగ్గురో మాత్రం చెప్పులు వేసుకుని రోడ్డు వైపు నడిచారు. వాళ్లు పిట్ట సంగతి విని పోయారో, ఎండకు తాళలేక పోయారో ఎవరికి తెలుసు.

వీరభద్రయ్య వేదిక దిగి నేరుగా షెడ్డు దగ్గరికి పోయాడు. పిట్ట ఇనుప పంజరంలో ఉంది. మైకు మోతకు బెదిరి, ఛాతీ మీద ఈకలు తానే పీకేసుకుంది. ఎర్రని ఒంటి మీద రూపాయి బిళ్లంత మేర బోసి చర్మం కనబడుతోంది. అది చూశాక ఆయనకు మిగిలిన ఓపిక కూడా పోయింది. పంజరం కొక్కెం పట్టుకుని లేపాడు. నరసన్న అడ్డం రాలేదు, ఒక చేయి వేశాడు. తేజేశ్వర్ పరిగెత్తుకొచ్చాడు.

"నాయనా, అందరూ చూస్తాండారు. పరువు పోతాది."

"యాడుంది రా, పోయేదానికి?" అన్నాడు వీరభద్రయ్య. "దీన్ని మన అంగడి సొమ్ముతోనే కొన్నావు గదా? నాది నేను తీస్కపోతాండా. జరుగు."

కొడుకు జరిగాడు.

పిట్టను బస్సులో ఎక్కించుకోరు గనక ఆటో మాట్లాడుకుని కర్నూలు దాకా తెచ్చారు. మరుసటి రోజు అటవీ శాఖ వాళ్లను అడిగితే, ఇది మన దేశపు పిట్ట కాదు పెద్దాయనా, మేం స్వాధీనం చేసుకునే జాబితాలో లేదు అన్నారు. మన పచ్చ చిలుకను పంజరంలో పెడితే కేసు, ఖండాలు దాటించి తెచ్చినదానికి ఏమీ లేదట. "అంటే దాన్ని ఏమైనా చేసుకోవచ్చా? ఎండలో మాడ్చచ్చా? కరెంటు తీగెలకు బలియ్యచ్చా?" అని ఆయన అక్కడా గొంతు పెంచాడు. ఆ ఉద్యోగి పాపం మంచివాడు. తిరుపతి జూలో ఇట్లాంటివి ఉన్నాయని, అడిగి చూస్తానని చెప్పాడు.

ఆ అడిగి చూడడం తేలేదాకా పిట్ట మేడ మీద గదిలో ఉంది. దీపావళి సరుకు దింపుకోవాల్సిన గది అది. రాజ్యలక్ష్మమ్మ జామపండ్లు కోసి పెట్టేది. పిట్ట పెట్టే గోలకు ఇరుగుపొరుగు తిట్టేవాళ్లు. స్వర్ణవనం ప్లాట్లన్నీ అమ్ముడుపోయాయని తెలిసింది. తేజేశ్వర్ ఇంట్లో అందరితో మాట్లాడేవాడు, తండ్రి ముందుకు వస్తే చాలు మాట తడబడేది. ఒక పొద్దున వసారాలో నిలబడి, "నాయనా, ఆకాశంలో చూడు, కొంగల బారు ఎంత బాగా పోతాందో" అన్నాడు, ఏదో కలుపుకోవాలని.

వీరభద్రయ్య తలెత్తలేదు. "ఈటిని ఎంతకు మాట్లాడినావు?" అన్నాడు.

తేజేశ్వర్ కండ్లు నిండాయి. లోపలికి పోయాడు. తలుపు చాటు నుంచి విన్న కోడలు రమ్యశ్రీ, "మరీ అంత మాటనాల్నా మామయ్యా?" అంది. "అనాల్సి వచ్చిందమ్మా" అన్నాడాయన. "నా కండ్లను నేనే నమ్మలేకుండా చేసినాడు. నేను ఇంగ కొంగను చూసినా అనుమానమే."

అంగట్లో మాత్రం ఆయన దాచలేదు. పిట్ట సంగతి అడిగిన ప్రతివాళ్లకూ మొదటి నుంచి చివరిదాకా చెప్పేవాడు. కాలేజీ మాస్టరు ఇల్లు వెతుక్కుని పోయి, "మీరు రాసిందే నిజం సార్" అని చెప్పి వచ్చాడు. కొందరు నమ్మారు. చాలామంది నవ్వారు. ఆ నవ్వులకు అలవాటు పడడం ఆయనకు చేతకాలేదు.

కార్తీకంలో తిరుపతి నుంచి కబురొచ్చింది, పిట్టను తీసుకుంటామని. చిన్న వ్యాను మాట్లాడుకుని, పంజరం మీద తడిగుడ్డ కప్పి, నంద్యాల, మైదుకూరు, కడప మీదుగా మొగుడూ పెళ్లాలు పోయారు. అక్కడ పెద్ద వల గదిలో అలాంటి ఎర్ర పిట్టే ఇంకొకటి ఉంది. తెచ్చినదాన్ని లోపలికి వదిలితే చాలాసేపు ఒక మూల ముడుచుకుంది. రెండోది కొమ్మ మీద అడుగులో అడుగు వేసుకుంటూ పక్కకు జరిగి, జరిగి, దగ్గరికొచ్చి కూర్చుంది. ఆ తర్వాత రెండూ ఒకటే అరుపులు. ఏం చెప్పుకున్నాయో గాని, ఆ అరుపుల్లో కూడా వీరభద్రయ్యకు కోపమే వినిపించింది.

తిరుగు దారిలో మైదుకూరు దగ్గర వ్యాను ఆపారు. హోటలు ముందు బల్ల మీద కూర్చున్నాడు గాని, వీరభద్రయ్య లోపలికి రాలేదు.

రాజ్యలక్ష్మమ్మ పక్కన కూర్చుంది. "పిట్టకు తోడు దొరికింది. నువ్వు చెప్పాల్సిందంతా చెప్పినావు. ఇంగనన్నా కోపం తగ్గిందా?"

"తగ్గలా."

"ఎన్నాళ్లుంటాది?"

"ఎందుకు తగ్గల్ల, చెప్పు? వాడు తప్పనుకోలా. ఊరు తప్పనుకోలా. నేనొక్కన్ని తగ్గించుకుంటే ఇంగ ఆ తప్పు యాడుంటాది?"

ఆమె మాత్రల సంచి ఒళ్లోకి లాక్కుంది.

"సరే, తగ్గించుకోవద్దులే" అంది, లేచి కొంగు దులుపుకుంటూ. "లోపలికి రా, కోపంతోనే ఇంత అన్నం తిను. మాత్రేసుకునే యాళయింది."